బల్లి ఎవరిది

యాకుత్‌పురా స్టేషను వెనక సందులో ఆ వారం రాజమణికి పెద్ద పేరొచ్చింది, ఆమె చేసిందేమీ లేకుండానే. తెచ్చింది మొగుడు ఇస్సాకు. ఆర్టీసీ స్టోర్సులో నట్లూ బోల్టులూ అందిస్తూ ఉద్యోగం వెళ్ళదీసిన మనిషి, రిటైరయ్యాక నవల రాస్తానని కూర్చున్నాడు. పెద్దయుద్ధంలో సిపాయిగా సింగపూరు పోయి, జపానువాళ్ళకు చిక్కి, దాదాపు నాలుగేళ్ళు చెరలో ఉన్న తన సంగతే అది. కాకపోతే కథలో తన పేరు తీసేసి సీమోను అని పెట్టుకున్నాడు. ఆ వేషం ఎందుకని రాజమణి అడిగితే, సీమోనుకు ఏమైనా రాయగలను, నాకైతే చెయ్యి ఆడదు అన్నాడు. ఓ వారపత్రిక దాన్ని సీరియల్‌గా వేస్తున్నది.

ఎదురింటి విమలాదేవి ఆ పత్రిక పట్టుకుని పరుగున వచ్చింది. ఆమె భర్తకు అఫ్జల్‌గంజ్‌లో టోకు కిరాణా దుకాణం. ఏడవడానికి ఆమెకు తీరికెక్కువ అని సందులో అనుకుంటారు. ఆ వారం సీమోనును ఒంటరి కొట్లో వేశారు. అక్కడ గోడ మీద మొండితోక బల్లి ఒకటుంది. రోజూ సాయంత్రం అతను "నా ఇల్లు బాగున్నదా?" అని అడుగుతాడు, బల్లి పలుకుతుంది. బల్లి పలికితే ఆ మాట సత్యమంటారు కదా, ఆ ఒక్క నమ్మకం పట్టుకుని సీమోను బతుకుతాడు. ఎంత గొప్పగా రాశాడమ్మా అని విమలాదేవి కొంగుతో కళ్ళొత్తుకుంది.

రాజమణి చదివి కొయ్యబారిపోయింది. ఆ బల్లి తనది.

ఇస్సాకు గల్లంతయ్యాడని టెలిగ్రాం వచ్చినప్పుడు ఆమె కార్వాన్‌లో అత్త ఆగమ్మ దగ్గరుండేది. పుస్తెలు తియ్యమని అత్త, తియ్యనని కోడలు. మొండికేసిన కోడల్ని కట్టెల కొట్లో పడుకోబెట్టి, ఇంట్లో ఎవరూ మాట్లాడడం మానేశారు. మాట్లాడింది గోడ మీది బల్లి ఒక్కటే. "మా ఆయన ఉన్నడా?" అని రోజూ అడిగేది, అది పలికేది. పాస్టరుగారికి తెలిస్తే విగ్రహారాధనకు తక్కువేమీ కాదంటాడని ఎవరికీ చెప్పలేదు. ఇస్సాకు తిరిగొచ్చాక ఆయనకొక్కడికే చెప్పింది.

చెప్పిందా? లేక ఆయన చెప్పింది విని, ఇన్నేళ్ళూ తనదనుకుంటూ వచ్చిందా? ఆలోచిస్తూ కూర్చుంటే పొయ్యి మీద అన్నం అడుగంటింది. పాత సంచికలన్నీ తీసి తనకోసం వెతికింది. 'ఇంటి దగ్గర భార్య ఉంది' అని ఒక్క వాక్యం దొరికింది. ఉంది, అంతే, గూట్లో దీపపు బుడ్డి ఉన్నట్టు. ఆ బల్లి కూడా ఆయనదే అయితే, ఆ నాలుగేళ్ళు తను ఏం చేసినట్టు? ఎదురుచూశానని చెప్పుకోవడానికి ఇంకేం మిగిలినట్టు?

ఇస్సాకు ఇంటికి రాగానే నిలదీసింది. ఆయన తడుముకోలేదు. బల్లి ఉండిందన్నాడు, వెదురు దూలం సందులోంచి వచ్చేదన్నాడు, పొట్ట పసుపుగా ఉండేదని కూడా అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. ఆమెకు నిజంగానే భయమేసింది. కాసేపు తన బల్లికి పొట్ట ఏ రంగో గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. గుర్తొచ్చింది వేరే.

"ఇగో, గా బల్లికి తోకెందుకు మొండిగున్నది?"

ఈసారి ఆయన తడుముకున్నాడు. "ఏమో. నేను జూసేసరికే గట్లుండె."

"నేను తెంపిన. నువ్వు లేవని టెలిగ్రాం వచ్చి, నన్ను కట్టెల కొట్ల ఏసిననాడు చీపురు తీస్కొని కొట్టిన. గది మటుకు నీకు ఎన్నడు చెప్పలే."

గెలిచింది. ఇక ఆయన నీదేనని ఒప్పుకుంటాడు, లేదా కోపమన్నా చేస్తాడు అనుకుంది. ఇస్సాకు రెండూ చెయ్యలేదు. మంచం పట్టె మీద చెయ్యి ఆనించి మెల్లగా కూర్చున్నాడు. జాతరలో తప్పిపోయిన పిల్లాడి మొహం పెట్టి ఆమె వైపు చూశాడు.

"అయితే నేనాడ ఎవలతోని మాట్లాడిన, రాజమణీ?"

ఆమెకు కావలసింది చేతికొచ్చింది, దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది. జాలీ వేస్తున్నది. తనకు కట్టెల కొట్టయినా ఉండింది, అవతల అత్త దగ్గు వినబడేది. ఈయనకు ఆ చీకట్లో ఏముండేదో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదని అప్పుడు తట్టింది.

"ఆడ ఇంకోటి ఉండె. దాని తోక ఎవలు తెంపిన్రో నాకేం ఎరుక" అన్నది చివరికి.

"ఉండెనా?" అన్నాడు ఇస్సాకు.

"ఉండె" అన్నది రాజమణి, సింగపూరు పోయి కళ్ళారా చూసొచ్చినదానిలా.