సగం దగ్గర నిలిచిన ముల్లు

దెయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. బండి ఆగిపోతే దిష్టి తగిలిందంటారు. బానెట్ ఎత్తి చూస్తే ప్లగ్గుల్లో మసి ఉంటుంది. విజయనగరంలో నా షెడ్డుకు వచ్చినవాళ్లతో ఈ విషయంలో ఎన్నిసార్లు తగువు పడ్డానో. నిమ్మకాయలు కట్టుకోండి గానీ ముందు బ్రేకులు చూసుకోండి అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. అయినా ఈ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అరవైల చివర్లో ఒక ప్లీడరు గారి దగ్గర పాత కారు కొన్నాను. ఇంజను గట్టిది. పెట్రోలు ముల్లు మాత్రం తిక్కది. ట్యాంకు నిండా పోయించినా సున్నా చూపించేది, గతుకులో పడగానే ఎగిరి నిండుకి పోయేది. అందరిలాగే నేనూ ట్యాంకులో వెదురుపుల్ల ముంచి, తడి ఎంతవరకు ఉందో చూసుకుని బయలుదేరేవాణ్ణి. కానీ మెకానిక్ బండికే మీటరు లేదని నలుగురూ నవ్వుతుంటే తల కొట్టేసినట్టుండేది.

మా అక్కది భోగాపురం దాటాక సముద్రం వైపు ఉన్న పల్లె. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. అప్పుడు ఆమెకు నెలలు నిండాయి. ఒక ఆదివారం చూడ్డానికి వెళ్లాను. వెళ్లినవాణ్ణి కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు కదా. తీరిక దొరికింది కదా అని వాళ్ల పెరట్లోనే మీటరు పని మొదలుపెట్టాను.

ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి. ట్యాంకులో చిన్న రేకు డబ్బా ఒకటి తేలుతూ ఉంటుంది. పెట్రోలుతో పాటు లేస్తుంది, దిగుతుంది. దాని దగ్గర్నుంచి ఒక వైరు మీటరుకు వస్తుంది. ఆ వైరు ఊడదీస్తే నా బండిలో ముల్లు నిండుకి పోయి అక్కడే ఉండేది. వైరు ఇనుముకు తగిలితే సున్నాకి పడేది. మధ్యలో నిలబెట్టగలిగింది ఆ తేలే డబ్బా ఒక్కటే.

పెట్రోలంతా ఒక టిన్నులోకి దించి, మూత పెట్టి, పశువుల పాక పక్కన ఉంచాను. డబ్బా ఊడదీసి చూస్తే దానికి సన్నటి చిల్లు. అతుకు వెయ్యాలని దాన్ని పెరటి గోడ మీద ఆరబెట్టాను. వైరు కొసకి గుడ్డ చుట్టాను. ట్యాంకులో తుప్పు ఉంటే పాతబట్టతో పొడిగా తుడిచి, డబ్బా ఉండే కంతకు రేకు మూత బిగించాను.

మధ్యాహ్నానికి అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది. కాన్పు కష్టమైతే ఇంట్లో మూసి ఉన్నవన్నీ తెరవడం అక్క అత్తగారింటి ఆచారం. అత్తగారు పెట్టెల తాళాలు తీసింది, తాళ్ల ముడులు విప్పింది, ఊరగాయ జాడీల మూతలు కూడా తీసింది. నేను వసారాలో కూర్చుని లోపల్లోపల విసుక్కున్నాను.

కాసేపటికి మంత్రసాని బయటికొచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, తనవల్ల కాదనీ చెప్పింది. విజయనగరం పెద్దాసుపత్రికి పదిహేను మైళ్ల పైచిలుకు. ఎడ్లబండి మీద తీసుకెళితే అక్క దక్కదు. అది అందరికీ తెలుసు.

టిన్నులో పెట్రోలు ట్యాంకులో పొయ్యమని బావతో చెప్పి, నేను అక్కను ఎత్తుకొచ్చి వెనకసీట్లో పడుకోబెట్టాను. అత్తగారు ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. బావ పాక వైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. నేను తాళం తిప్పాను. ముల్లు మెల్లగా లేచి సగం దగ్గర నిలబడింది. టిన్నెడు పెట్రోలుకు ఆ ట్యాంకులో అంతే రావాలి. బావ దాన్ని చూశాడు, ఏదో అనబోయి ఊరుకుని నా పక్కన ఎక్కాడు.

సరుగుడు తోటల మధ్య ఇసుక దారి దాటి పెద్దరోడ్డు ఎక్కాం. దారి పొడుగునా ఆ ముల్లు ఊగలేదు. కొత్తబండిలోలాగా, పోయినకొద్దీ కొద్దికొద్దిగా దిగింది. అక్క ఒక్కసారే మాట్లాడింది.

"ఒరే, ఎక్కడా ఆపకురా. ఆపితే నానుండను."

ఆపలేదు. ఆసుపత్రి వరండాలో అక్కను దించాం. లోపలికి తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు. చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లికి గండం గడిచిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కారనీ చెప్పింది. బావ గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

తర్వాత గుమ్మానికి అడ్డంగా ఉన్న కారు పక్కకు తీద్దామని వెళ్లాను. తాళం తిప్పితే ముల్లు ఒక్క ఊపున నిండుకి పోయి అక్కడే ఉండిపోయింది. ఇంజను మాత్రం అందుకోలేదు. పుల్ల తీసి ట్యాంకులో ముంచాను. పొడిగా వచ్చింది. వెనక డిక్కీ తెరిచి చూస్తే వైరు గుడ్డ చుట్టినట్టే వేలాడుతోంది. తేలే డబ్బా అక్క ఇంటి గోడ మీదే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ట్యాంకు కింది బిరడా విప్పాను. చుక్క రాలలేదు.

బావను పిలిచి, పెట్రోలు పోశావా లేదా అని అడిగాను. బావ నా ముఖంలోకి అయోమయంగా చూశాడు.

"నానేటి పొయ్యనేదురా. అమ్మ మూతలన్నీ తీసింది కదా, ఆ టిన్ను మూత కూడా తీసీసింది. దూడ తన్నీసింది కావాల, టిన్ను పడిపోయి ఉన్నాది. అంతా ఇసకలో ఇంకిపోనాది. నీకు సెప్దామని పరిగెత్తుకొచ్చినాను. ముల్లు సూస్తే సగానికున్నాది. నువ్వే ఇంకో టిన్ను పోసీసినావనుకున్నాను."



నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. కార్బరేటర్లోనూ గొట్టంలోనూ మిగిలిన పెట్రోలుతో బండి ఊరి పొలిమేర దాటితే గొప్ప. ట్యాంకు తుడిచింది నా చేతులే. వైరు కొస ఎక్కడైనా తగిలి ఉంటే ముల్లు ఎగిరెగిరి పడాలి గానీ కుదురుగా నిలవదు. ఊరెళ్లి చూస్తే టిన్ను బావ చెప్పినట్టే పడి ఉంది, ఆ ఇసుక ఇంకా వాసన వేస్తోంది. తర్వాత డబ్బాకు అతుకు వేసి బిగించాను. ఆ బండి అమ్మేదాకా ముల్లు ఎప్పటిలాగే పిచ్చిగా ఊగింది.

అక్క ఇది దేవత దయ అంది. అననీ, నేను కాదనలేదు. నాకు నిద్రపట్టనిది వేరే ఉంది. ఆ రోజు ముల్లు సున్నాలో ఉంటే, బావ టిన్ను ఒలికిపోయిన సంగతి చెప్పేసేవాడు. నిండులో ఉంటే, వైరు ఊడదీసిన సంగతి నాకు గుర్తొచ్చి పుల్ల ముంచేవాణ్ణి, అది పొడిగా వచ్చేది. ఎలా చూసినా కారు కదిలేది కాదు, ఎడ్లు కట్టేవాళ్లం, అక్క దారిలోనే పోయేది. నన్నూ బావనూ ఒకేసారి నమ్మించగలిగింది సగం ఒక్కటే. ఆ సంగతి తెలిసి ముల్లును అక్కడ నిలబెట్టిందెవరో, నాకు ఈ రోజుకీ తెలియదు.