మొదటి పిలుపు ఎవరికి

పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు నచ్చిందని చెప్పడానికి మా బావకి టీ చల్లారేంత సేపు పట్టింది. వాలీబాల్ జట్టుకి మొదటి ఆటగాణ్ణి ఎంచుకోవడానికి మాత్రం వారం పట్టింది. ఆ పెళ్లికూతురు మా అక్కే కాబట్టి ఈ పోలిక ఇంట్లో చెప్పలేను. ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది అనకాపల్లికీ కశింకోటకీ మధ్య ఉన్న ఊరు. సగం మంది చెరుకు వేస్తారు, సగం మంది అచ్యుతాపురం కంపెనీ బస్సులెక్కుతారు. సాయంత్రం అందరూ వాలీబాల్ ఆడతారు. ఏటా పోటీలు జరుగుతాయి. ఒకప్పుడు వీధికో జట్టు ఉండేది. బంతి గీత మీద పడిందా, బయట పడిందా అన్న తగువు ఒకసారి ఎంత దూరం వెళ్లిందంటే, రెండు వీధుల వాళ్లు ఒకరి పెళ్లిళ్లకి ఒకరు వెళ్లడం మానేశారు. వండిన భోజనాలు మిగిలిపోతున్నాయని అప్పుడు పెద్దలు కలగజేసుకున్నారు.

అప్పటి నుంచి వీధుల లెక్క లేదు. నలుగురు కెప్టెన్లు పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుని, చీటీలు తీసి వరస తేల్చుకుంటారు. ఆ వరసలో ఒక్కొక్కరూ ఒక్కో ఆటగాణ్ణి పిలుచుకుంటారు. వీటినే పిలుపులంటాం. మొదటి పిలుపుకి ఒక మర్యాద ఉంది. కెప్టెన్ కొత్త తువ్వాలు తెచ్చి ఆ ఆటగాడి భుజం మీద వేయాలి. రెండో పిలుపు నుంచి చెయ్యి ఊపితే చాలు. అది ఒక్క ఉతుకుకే రంగు వదిలేసే సంత తువ్వాలు. అయినా అది భుజం మీద పడినవాడు ఏడాది పొడుగునా స్నానానికి కూడా మెడ నిటారుగా పెట్టుకుని వెళతాడు.

ఇంకో నియమం కూడా ఉంది. వరసగా రెండేళ్లు ఆఖరి స్థానంలో వచ్చిన జట్టు కెప్టెన్ దిగిపోవాలి. కిందటేడాది బావ జట్టు ఆఖర్న వచ్చింది. ఈ ఏడాది కూడా వస్తే ఆయన కెప్టెన్సీ పోతుంది.

నేను మొదట దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పోతే పోయిందిలే బావా, కెప్టెన్ పనికి జీతమేమైనా ఇస్తున్నారా అన్నాను. ఆ రోజు నా టీ డబ్బులు నన్నే ఇచ్చుకోమన్నాడు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. బావ మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాడు. అక్కడ ఆయన చెబితే ఆగేది డబ్బాలు మోసుకెళ్లే బెల్టు ఒక్కటే, అది కూడా బటన్ నొక్కితేనే. ఊళ్లో మాత్రం పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య మగాళ్లంతా చుట్టూ చేరి, ఈయన ఏం చెబుతాడా అని మొహంలోకి చూస్తారు. చెప్పింది చెయ్యరు. కానీ చూస్తారు. ఆ చూడడం పోతుందని ఆయన బెంగ.

పిలుపులకి ముందు వారమంతా మా చర్చ హైవే పక్క టీ కొట్టులో నడిచింది. కంపెనీ బస్సు బావని అక్కడే దించుతుంది. టీ గ్లాసులు ఆటగాళ్లు, బల్ల కోర్టు, బావ బెల్టు తీసి అడ్డంగా పెడితే వల. టీ కొట్టాయన ప్యాంటు సంగతి చూసుకోమని ఒకసారి హెచ్చరించాడు.

చర్చ ఇదీ. షూటర్ అంటే వల దగ్గర ఎగిరి బంతిని అవతలి నేలకేసి కొట్టేవాడు. ఈలలు, చప్పట్లు, ఫోన్లలో వీడియోలు అన్నీ అతనికే. ఆ బంతి అతని దాకా రావాలంటే వెనక ఒకడు నిలబడి, అవతలి వాళ్ల సర్వీసుని ముంజేతుల మీద ఆపి, మెత్తగా ముందుకి లేపాలి. అతనికి దక్కేవి ముంజేతుల మీద ఎర్రటి దద్దుర్లు. అందుకే మా ఊళ్లో షూటర్లు ఇంటికొకరు దొరుకుతారు. సర్వీసు నిజంగా లేపగలిగినవాడు ఒక్కడే. ముప్పై దాటినవాడు, బావ సెక్షన్‌లోనే పని, మాట్లాడేది తక్కువ. ఎంత గట్టి సర్వీసైనా ఆయన చేతుల మీద పడగానే కాస్త నడుం వాల్చి లేచినట్టు నెమ్మదిగా లేస్తుంది.

ఇంతకీ మొదటి పిలుపు షూటర్‌కా, సర్వీసు లేపేవాడికా?

"పోయినేడు మనకి షూటర్లు లేకేటి? ఇద్దరున్నారు," అన్నాడు బావ. "బంతి ఆళ్ల దాకా ఎల్తే గదా. సర్వీసొచ్చి పనసకాయలాగ మజ్జిలో పడిపోయేది. షూటర్లిద్దరూ ఒకల్నొకలు సూసుకునేవోరు."

నా వాదన వేరు. సర్వీసు లేపేవాడు కావాలి, నిజమే. కానీ మొదటి పిలుపుకే ఎందుకు? మిగతా ముగ్గురు కెప్టెన్లూ షూటర్ల కోసమే ఎగబడతారు. వెనక నిలబడేవాడికి తువ్వాలు వేసినవాడు ఊరి చరిత్రలో లేడు. కాబట్టి మొదట మంచి షూటర్‌ని పట్టేసి, రెండో పిలుపులో చెయ్యి ఊపితే ఈయన ఎలాగూ వస్తాడు.

కిందటేడాది తనూ ఇలాగే లెక్క వేసుకున్నానని బావ చెప్పాడు. రెండో పిలుపు తన దాకా వచ్చేలోపు ముందున్న కెప్టెన్ ఆయన్ని ఎగరేసుకుపోయాడట. ఉంటాడులే అనుకున్నది ఎప్పుడూ ఉండదురా అంటూ ప్లేట్లో మిగిలిన ఒక్క బజ్జీ తీసి నోట్లో వేసుకున్నాడు. దాన్ని నేను ఆఖర్న తిందామని అట్టే పెట్టుకున్నాను. వాదనలో బలముందని ఒప్పుకోక తప్పలేదు.

ఇంతవరకు ఆట గొడవే. అసలు గొడవ మా ఇంట్లో ఉంది. ఊరి షూటర్లలో మా అన్న ఒకడు. అంటే బావకి స్వయానా బావమరిది. అన్న కొడితే బంతి సగం సార్లు అవతలి కోర్టులో పడుతుంది, సగం సార్లు చెరుకు తోటలో పడుతుంది. రెండూ చూడ్డానికి బాగానే ఉంటాయి. బావ తువ్వాలు అన్న భుజం మీదే పడుతుందని మా ఇంట్లో ఎవరూ అడక్కుండానే ఖాయం చేసుకున్నారు. మా అమ్మ దాన్ని వీధి వైపు దండెం మీద ఆరేయాలని కూడా నిర్ణయించేసింది.

అన్న ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, తనకి తువ్వాలు మీద ఆశేమీ లేదని, ఎవరికి వేసినా ఆటే ముఖ్యమని చాలాసేపు చెప్పాడు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంతకీ ఏ రంగు కొన్నాడేటి?" అని అడిగాడు.

అక్క సంగతి ఇంకా సూటిగా ఉంది. బావ అన్నం తింటుండగా, నేను పక్కనే ఉండగా చెప్పింది. "మా తమ్ముడు నీ ఎదురుగా కూకుంటాడు. ఆణ్ని దాటి ఇంకొకడికి తువ్వాలేస్తే మా అమ్మ మొహం నానెలా సూడాల? నీ ఇష్టం. నానేటి అన్ను."

మా ఇంట్లో నానేటి అన్ను అంటే తీర్పు వెలువడింది, అప్పీలు లేదు అని.

పిలుపుల రోజు ఆదివారం. వరండా నిండిపోయింది, గోడ మీద కూడా జనం. చీటీల్లో బావది మూడోది. మొదటి ఇద్దరు కెప్టెన్లూ నేను చెప్పినట్టే చెరో షూటర్‌కి తువ్వాళ్లు వేశారు. బావ లేచాడు. ఆకుపచ్చ తువ్వాలు మడత విప్పాడు. అన్న ముందు వరసలోనే ఉన్నాడు, అందుకోవడానికి వీలుగా ఒక భుజం కాస్త దించి కూర్చున్నాడు. బావ అన్న ముందుకి వెళ్లాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆయన ఏం ఆలోచించాడో తెలియదు కానీ మొహం మాత్రం రోడ్డు దాటబోయే కోడి మొహంలా ఉంది. తర్వాత అన్నని దాటి, రెండు వరసలు తొక్కుకుంటూ వెనక్కి వెళ్లి, గోడకి చేరబడి కూర్చున్న ఆ సర్వీసు లేపే ఆయన మీద తువ్వాలు వేశాడు.

ఆయన ముందు నమ్మలేదు. తన వెనకున్నవాడికి వేయబోయాడనుకుని కాస్త పక్కకి జరిగాడు. వెనక ఉన్నది గోడ.

నాలుగో కెప్టెన్ క్షణం ఆలస్యం చేయకుండా మా అన్నకి తువ్వాలు వేశాడు. దాన్ని చేత్తో తడిమి చూశాను, బావ తెచ్చినదాని కంటే మందంగా ఉంది. అంటే మా అమ్మకి దండెం మీదకి తువ్వాలు వచ్చింది, అన్నకి మెడ నిటారైంది, నష్టపోయినవాళ్లు ఎవరూ లేరు. ఈ మాటే అక్కకి చెప్పాను. తువ్వాలు కాదురా, ఎవరి చేతి మీదుగా వచ్చిందో చూడాలంది. ఆ వారమంతా బావకి కూర వడ్డించింది. ఉప్పు వడ్డించలేదు.

అసలు దెబ్బ పిలుపులు అయిపోయాక పడింది. జనం వెళ్లిపోయాక ఆ సర్వీసు లేపే ఆయన తువ్వాలు మడత పెట్టుకుంటూ బావ దగ్గరికి వచ్చాడు. 

"వచ్చే ఆదివారం నాది మార్నింగ్ షిఫ్టు బావా," అన్నాడు.

పోటీలు వచ్చే ఆదివారం పొద్దున్నే. మార్నింగ్ షిఫ్టు అంటే తెల్లవారకుండా బస్సెక్కి మధ్యాహ్నం దిగడం. మా ఊళ్లో పెళ్లి ముహూర్తాన్ని కూడా పంతులుగారితో పాటు షిఫ్టు చార్టుతో సరిచూసుకుంటారు. అలాంటి ఊళ్లో పుట్టి, వారమంతా ఈ మనిషి ముంజేతుల గురించీ, మోకాళ్ల గురించీ, రెండో పిలుపు దాకా మిగులుతాడా లేదా అన్నదాని గురించీ చర్చించాం. ఆ రోజు ఊళ్లో ఉంటాడా అని మాత్రం ఎవరమూ అడగలేదు.

అడిగి ఉంటే పిలుపులకి ముందే షిఫ్టు మార్పించుకునేవాడినని, తనని మొదట పిలుస్తారని కలలో కూడా అనుకోలేదని ఆయన చెప్పాడు. కంపెనీకి ఆ వారం తనిఖీ వాళ్లు వస్తున్నారు, సెలవులు ఇవ్వరు. ఒక్కటే దారి. అదే సెక్షన్‌లో ఆ రోజు వీక్లీ ఆఫ్ ఉన్నవాడు ఎవడైనా బదులు వెళ్లాలి. ఆ సెక్షన్‌లో ఆ ఆదివారం ఆఫ్ ఉన్నవాడు ఒక్కడే. మా బావ.

మళ్లీ టీ కొట్టు, మళ్లీ గ్లాసులు. ఈసారి చర్చ చిన్నది, కానీ బావ దాన్ని చాలా పెద్దగా చేశాడు. కెప్టెన్ కోర్టులో లేకపోతే జట్టు ధైర్యం ఏమైపోతుందని, ముందుండి నడిపించేవాడు ఉండాలని, తను లేకుండా ఓడిపోతే కళ్లారా చూడకుండానే కెప్టెన్సీ పోతుందని చెబుతూ పోయాడు. అంతా విన్నాను.

"పోయినేడు కెప్టెన్ కోర్టులోనే ఉన్నాడు కదా బావా," అన్నాను. "ఏటయింది?"

బల్ల మీది గ్లాసుల్లోంచి తన గ్లాసు తీసి పక్కన పెట్టాడు. బదులు వెళ్లడానికి ఒప్పుకున్నాడని అలా తెలిసింది.

నిజానికి ఆటలో బావ లేని లోటు తెలియదు. మాటలోనే తెలుస్తుంది. ఆదివారం పొద్దున్న ఆయన స్థానంలో బెంచీ మీదివాణ్ణి దింపాం. బావ తరఫున టాస్ వేయడానికి నేను వెళ్లాను. ధైర్యం చెప్పేవాళ్లు ఎవరూ లేకపోవడంతో అందరూ బంతి వైపు చూస్తూ ఆడారు.

పద్ధతి ఏమిటంటే, నాలుగు జట్లూ జతలుగా ఆడే మొదటి రెండు ఆటల్లో గెలిచినవాళ్లు ఫైనల్ ఆడతారు, ఓడినవాళ్లు మూడో స్థానం కోసం కొట్టుకుంటారు. మేం మొదటి ఆట ఓడిపోయాం. అక్కడితో కప్పు గొడవ తీరిపోయింది, ఇక మిగిలింది బావ కెప్టెన్సీ ఒక్కటే. రెండో ఆటలో ఓడి మా ఎదుటికి వచ్చింది మా అన్న జట్టు.

ఆకుపచ్చ తువ్వాలు తలకి చుట్టుకుని మా సర్వీసు లేపే ఆయన వెనక నిలబడ్డాడు. అన్న సర్వీసు చేశాడు, లేచింది. ఇంకా గట్టిగా చేశాడు, అదీ లేచింది. మా షూటర్లు ఎన్నడూ లేనంత తీరిగ్గా ఎగిరి కొట్టారు. ఆఖరి గేములో రెండు జట్లూ పక్కపక్కనే నడిచాయి. మాకు ఒక్క పాయింట్ కావాల్సి ఉండగా అన్న వల మీదికి ఎగిరి, పంతమంతా చేతిలోకి తెచ్చుకుని కొట్టాడు. మా సర్వీసు లేపే ఆయన మోకాలి మీద జారుతూ వెళ్లి నేలకి జానెడు ఎత్తున దాన్ని లేపాడు. ఆ బంతి తిరిగి వస్తుందని అన్నకి తోచలేదు. ఇంకా గాల్లోంచి కిందికి దిగుతూ చప్పట్ల కోసం జనం వైపు చూస్తున్నాడు. మావాళ్లు ఖాళీ చూసి అవతల వేశారు.

మేం మూడో స్థానం. మా అన్న జట్టు ఆఖరు. మూడో స్థానానికి అంత గంతులేసిన జట్టుని ఊరు అంతకుముందు చూడలేదు. ఫైనల్ ఆడాల్సినవాళ్లు మేం కోర్టు ఖాళీ చేసే దాకా చాలాసేపు ఎదురుచూశారు.

కంపెనీలో ఫోన్లు లాకర్లో పెట్టాలి, కాబట్టి షిఫ్టు అయ్యే దాకా బావకి ఏమీ తెలియదు. తర్వాత కూడా ఫోన్ తీయలేదు. ఓడామన్న కబురు బస్సులో వింటే దిగిపోవడానికి కూడా వీలుండదని భయమట. మధ్యాహ్నం నేను బండేసుకుని హైవే దగ్గరికి వెళ్లాను. బస్సు దిగి నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఏడిపిద్దామనుకున్నాను కానీ ఆయన మొహం చూశాక చేతకాలేదు.

"ఆఖరు కాదు బావా," అన్నాను.

తల పైకెత్తి కాసేపు ఆకాశం వైపు చూశాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. తర్వాత అడిగాడు. "మరి ఆఖరు ఎవులు?"

"అన్న."

వెనక్కి తిరిగి బస్సు కోసం చూశాడు. అది అప్పటికే కదిలిపోయింది.

బండి మీద వెనక కూర్చుని ఆ ఆఖరి పాయింట్ చెప్పించుకున్నాడు. అన్న కొట్టడం, ఆయన లేపడం. మళ్లీ చెప్పమన్నాడు. చెబుతుంటే వెనక నుంచి నా భుజం మీద ఆయన చెయ్యి బిగుసుకుంది. మన నిర్ణయం సరైనదేనన్నమాట అన్నాడు. నిర్ణయం సరైనదే, ఇంటికి వెళ్లే దారే సరిగ్గా లేదన్నాను.

మా వీధి మలుపు దగ్గర బండి ఆపమన్నాడు. ఇంజన్ చప్పుడు అక్కకి వినపడుతుందట. ఇద్దరం దిగి బండిని నెట్టుకుంటూ వీధిలోకి నడిచాం. కెప్టెన్ అన్న ఏ పిలుపు పోతుందని అన్ని రోజులు బెంగ పెట్టుకున్నాడో ఆ పిలుపు ఇప్పుడు ప్రతి అరుగు మీద నుంచీ వస్తోంది. ఏటి కెప్టెనూ అని ఒకరు, రా రా కెప్టెనూ అని ఇంకొకరు, వీధి చివరికి కూడా వినపడేలా. బావ ఒక చేత్తో బండి నెడుతూ, రెండో చేతి వేలు పెదాల మీద పెట్టుకుని, నెమ్మదిగా అనండి, నెమ్మదిగా అనండి అని అందరినీ బతిమాలుతూ నడిచాడు.