అక్క అరువిచ్చిన సిలిండర్

2004 ఆగస్టు 11, బుధవారం. పాలు కాచాను. పప్పు, ఒక కూర వండాను. బర్నర్లు కడిగి ఆరబెట్టాను. గ్యాస్ గొట్టం తుడిచాను. ఒక పని మిగిలింది. పక్కింటి అక్క శనివారం పొద్దున పోయింది. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకు ఒరిగిందట. ఆమె అరువిచ్చిన సిలిండర్ నేనింకా తిరిగివ్వలేదు.

మేం సూరత్ వచ్చి పదకొండేళ్లు. మావారిది రైల్వే ఉద్యోగం, వారంలో నాలుగు రోజులు లైన్ మీదే. పిల్లలు లేరు. అక్కవాళ్లది కరీంనగర్ వైపు. బావ ఊరి పక్కనున్న జోల్వాలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. మా రెండు వంటిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమె కుక్కర్ కూతతోనే నాకు పొద్దు తెలిసేది.

సిలిండర్ పెట్టిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోవడం నా అలవాటు. నలభై అయిదు రోజులు రావాలి. జూన్‌లో పెట్టినది ముప్ఫై ఆరో రోజుకే అయిపోయింది. లెక్క రెండుసార్లు చూసుకున్నాను, తప్పు లేదు. అక్క వచ్చి లెక్క జోలికి పోలేదు, నా గిన్నెలు తిరగేసింది. అడుగులన్నీ మసి.

“నీ లెక్క మంచిగనే ఉన్నది చెల్లె. మంటనే ఖరాబున్నది. పసుపుగ మండుతాంటే చూస్తలేవా?”

ఆ మధ్యాహ్నమే బర్నర్లు చింతపండు నీళ్లలో నానబెట్టించి, ఒక్కో రంధ్రం పిన్నీసుతో పొడిపించింది. తన ఇంట్లో నిండుగా ఉన్న రెండో సిలిండర్ దొర్లించుకొచ్చి బిగించింది. నీలం మంట లేచింది. నేను నాబ్ పూర్తిగా తిప్పబోతే చేయి పట్టుకుంది. “గిన్నె దాటిన మంట గోడకు వండుతది.”

చదివేవాళ్లు కూడా ఒకసారి మీ మంట చూసుకోండి.

కూరగాయలు తరగనిదే పొయ్యి ముట్టించనిచ్చేది కాదు. పప్పు నానాల్సిందే, గిన్నె మీద మూత ఉండాల్సిందే. ఒకసారి డుమస్ బీచ్‌కి వెళ్తే, భజియాల బండివాడి మంట కడాయి దాటుతోందని వాడితో హిందీలో తగువు పెట్టుకుంది. వాడు నవ్వి మంట తగ్గించి, మాకు రెండు భజియాలు ఎక్కువ వేశాడు.

సిలిండర్ ఇచ్చిననాటి నుంచి రోజూ నాలుగింటికి వచ్చేది.

“ఏంది, నా సిలిండర్‌ను మంచిగ చూసుకుంటున్నవా? నీ గ్యాస్ బండి వచ్చిందా?”

“ఇంకా రాలేదక్కా.”

“గట్లనా. అయితే చాయ్ పెట్టు. చిన్న మంట మీద.”

గంటసేపు కూర్చునేది.

నిజానికి గ్యాస్ బండి వచ్చింది, ఆమె పోవడానికి తొమ్మిది రోజుల ముందే. కొత్త సిలిండర్‌ను మూలన పెట్టి పాత చీర కప్పాను. ఇచ్చేస్తే ఇక అడగడానికి రాదని. శుక్రవారం కూడా రాలేదనే చెప్పాను.

ఇవాళ మూడింటికి ఆ చీర తీసి, సిలిండర్ దొర్లించుకుంటూ వాళ్లింటికి తీసుకెళ్లాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

“ఇది ఎప్పుడో వచ్చింది బావగారూ. అక్కకు నేనే చెప్పలేదు.”

“ఎరుకనే” అన్నాడు బావ. “మెట్ల మీద సిలిండర్ చప్పుడు ఆ దినమే విన్నది. నేను పోయి తెస్తనంటే వద్దన్నది. ‘ఉండనీ. చెల్లెకు నేను కావాలె, నాకు చాయ్ కావాలె’ అన్నది.”

ఇంటికొచ్చేసరికి నాలుగయింది. ఒక గ్లాసు చాయ్‌కి చిన్న బర్నర్ చాలు. మంట గిన్నె అడుగు దాటలేదు. గోడ అవతల చప్పుడు లేదు. పెన్సిల్ తీసుకుని క్యాలెండర్ మీద రాశాను: అక్కకు సిలిండర్ ముట్టినది.