ఆరు నిమిషాల్లో ఎన్ని చెట్లు

పాలకొల్లు దగ్గర హైస్కూల్లో నేను పీఈటీని. గ్రౌండు పేరుకే ఉంది, వానాకాలమంతా మోకాల్లోతు బురద. పిల్లల దమ్ము కొలవడానికి నేనే ఒక టెస్టు కనిపెట్టాను. కాలవ గట్టు మీద కొబ్బరి వరస సమానమైన ఎడంతో ఉంటుంది. చేతికి అలారం వాచీ కట్టుకుని పరిగెత్తాలి. ఆరు నిమిషాలకి అది మోగగానే ఆగి, దాటిన చెట్లు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచి రావాలి. ఎన్ని చెట్లయితే అంత దమ్ము. స్టాఫ్ రూములో తెగ గొప్పలు పోయాను లెండి.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ల నాన్న చెట్లెక్కి కాయలు కోసే, కొబ్బరి దింపు తీసే మనిషి. పరుగులో ఆ పిల్లని బళ్లో ఎవరూ అందుకోలేరు. ఆ ఏడు స్పోర్ట్స్ స్కూలుకి ఇద్దరి పేర్లు పంపమన్నారు. టెస్టు రోజు ఆ పిల్ల నాన్నకి సాయంగా తోటకెళ్లి, మర్నాడు ఒక్కతే పరిగెత్తింది.

"నూట పద్దెనిమిదండి" అంది వచ్చి.

ముందురోజు ఇద్దరికి నూట నలభై దాటాయి.

"ఏంటమ్మా, అన్నం తినలేదా?"

"తిన్నానండి."

ఇంకోసారి పరిగెత్తించమని మనసు పోరుతూనే ఉంది. కానీ నా టెస్టు తప్పంటే నాకు పడదుగా! ఆ ఇద్దరి పేర్లే పంపేశాను. నీకు దమ్ము చాలదమ్మా అని అందరి ముందూ అనేశాను కూడా.

టెన్త్ అయ్యాక చదువు ఆపేసి రొయ్యల షెడ్డులో చేరిందని విన్నాను. మూడేళ్ల తర్వాత, మొన్న, గట్టు మీద షెడ్డు ఆటో కోసం నిలబడి కనిపించింది. మా పిల్లలు లెక్కపెట్టుకుంటూ వస్తుంటే చూసి, "అదేంటండి, మొక్కల్నీ కలిపేస్తున్నారు?" అంది.

ఆ టెస్టుకి ముందటేడు తుపానుకి చెట్లు పడిపోయిన చోటల్లా మొక్కలు వేశారు. అవి ఇంకా కాపుకి రాలేదు.

"మరి నువ్వు లెక్కపెట్టలేదా?"

"కాపుకొచ్చినవే లెక్కండి. మా నాన్న ఏ తోటకెళ్లినా అంతే."

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ మొక్కలు నలభై పైనే ఉంటాయి. తప్పు నాదేనని, ఆ రోజు అందరికన్నా దూరం పరిగెత్తింది తనేనని చెప్పేశాను.

తల దించేసుకుంది.

"మా చెల్లి కూడా మీ దగ్గర పరుగు నేర్చుకుంటానందండి. మనింట్లో ఎవరికీ దమ్ము లేదే అని నేనే మానిపించేశాను."

ఆటో వచ్చింది. తల దించుకునే ఎక్కి కూర్చుంది.