త్రినాథరావు అడిగిన నంబరు

"నన్ను చూసి ఆంటీ అంటే? నా పిల్ల నన్ను ఆంటీ అని పిలిస్తే నేనేం చెయ్యాలక్కా?"

లాజ్వంతి హిందీలో ఇలా అడుగుతుంటే తనూజ ఒళ్లో నిద్రపోతున్న తన రెండేళ్ల పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

లాజ్వంతి సింధ్ నుంచి శరణార్థిగా వచ్చి ఆరేళ్లయింది. ఈ ఊళ్లోని లింగియాడీహ్ బస్తీలో అద్దెగది, కుట్టుమిషను. అక్కడ సింధ్‌లో మామగారు చావుబతుకుల్లో ఉన్నాడని కబురొస్తే భర్త కూతురు మీనూను తీసుకుని సరిహద్దు దాటాడు. నెల తిరక్కుండా రూల్సు మారాయి. వాళ్లు తిరిగి రావాల్సిన వీసాలు రద్దయ్యాయి. పదకొండు నెలలుగా మీనూ ఈమెకు ఫోనులో బొమ్మే.

వాళ్ల వీసా ఫైలు కోసం ఆమె ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరగకూడదని, రైల్వే ఉద్యోగాల మీద ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల ఆడవాళ్లు వంతులేసుకున్నారు. మూడు నెలల్లో తనూజ ఆమెతో మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ గుమాస్తా "ఫైలు ఢిల్లీ వెళ్లింది" అన్నాడు. పాపకు జ్వరమొస్తే గంటగంటకూ గ్రాఫు గీసే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మనిషి, ఆ మాటను అలాగే నమ్మేసింది.

నాలుగోసారి త్రినాథరావు తోడొచ్చాడు. ముప్పైనాలుగేళ్లు స్టేషన్ మాస్టరుగా చేసి, రాజ్‌కిశోర్ నగర్‌లో స్థిరపడ్డవాడు. వాళ్ల డ్యూటీలో పక్క స్టేషనువాడు ఫోనులో లైను ఖాళీ అంటే చాలదు. ప్రైవేటు నంబరని ఒక రహస్య అంకె చెప్పాలి, అది టైముతో సహా రిజిస్టర్లోకెక్కాలి. అప్పుడే బండి కదిలేది. అన్నానికి పిలిచినా నంబరడుగుతాడని భార్య లక్ష్మీనరసమ్మ అందరి ముందూ దెప్పుతుంది.

"ఫైలు ఢిల్లీ వెళ్లింది, దాదా," అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

"అచ్ఛా. ఏ తారీకున? ఏ నంబరు మీద?"

"అవన్నీ మీకెందుకు? వెళ్లిందన్నానుగా."

త్రినాథరావు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "తమరి పేరు? టైము పదకొండు నలభై. వెళ్లిందన్నారు, రాశాను. నంబరు చెప్పి సంతకం పెట్టండి."

"ఇదేమన్నా రైల్వే స్టేషనా?"

"కాదు బాబూ. స్టేషనైతే ఈపాటికి నువ్వు సస్పెండు."

వరసలో వాళ్లు నవ్వారు. గుమాస్తా ఆ పుస్తకం వంక చూసి, గొణుక్కుంటూ లేచి బీరువా తెరిచాడు. ఫైలు అక్కడే ఉంది. పైన టీ గ్లాసు గుండ్రంగా మరక వేసింది.

తనూజకు ఒళ్లు మండిపోయింది. "మూడు నెలలు! ఆ పిల్ల అక్కడ తల్లి మొహం మరిచిపోతుంటే దీనిమీద టీ తాగుతున్నారా? సిగ్గులేదా?"

త్రినాథరావు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆగమ్మా, తర్వాత తిడుదువు. ముందు పంపించనీ."

పంపిన నంబరు, తారీకు, ముద్ర తీసుకునేదాకా ముగ్గురూ అక్కణ్నుంచి కదల్లేదు. లాజ్వంతి ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని మెట్లమీద కూలబడి ఏడ్చింది. మీనూ ఎప్పుడొస్తుందో ఆ కాగితంలో లేదు. ఇన్నాళ్లకు ఫైలు కదిలింది, అంతే.

"మీకు కోపం రాదా మావయ్యా?" తనూజ నిలదీసింది.

"రాదేటి? వచ్చినప్పుడే ఈ పుస్తకం తీస్తాను."

ఇప్పుడు తనూజ ఆ ఆఫీసులోనే కాదు, పాపను చూపించే ఆసుపత్రిలో, గ్యాస్ ఏజెన్సీలో కూడా ఆయన ఆ మెట్లమీద చెప్పినట్టే చేస్తోంది.

"ఎవడేం చెప్పినా, వాడి పేరూ టైమూ వాడి ఎదుటే రాయమ్మా. రాసింది వాడికే చదివి వినిపించు."