ఆర్డిస్ లిండాల్ కొలతలు

ఆర్డిస్ లిండాల్‌కి ఉన్నది ఒకటే జబ్బు. కొలిచినదాన్నే మళ్లీ కొలవడం. అమెరికా ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ ఊరి కొండవాలు వీధుల్లో పాత ఇళ్ల గోడల్లో ఇటుకతో కట్టిన నిప్పుగూళ్లు ఉంటాయి. వాటిలో ఇమిడే గ్యాస్ పొయ్యిలు అమ్మే దుకాణం ఆవిడది. డెబ్బై దాటినా, టేపు పట్టుకుని గూట్లో తల దూర్చిందంటే భుజాల దాకా లోపలికి పోయేది. ఇక ఆవిడ మాటలన్నీ గూడే మాట్లాడుతున్నట్టు వినిపించేవి. ఆర్డిస్ వస్తే ఇటుకలు కూడా పొట్ట లోపలికి పీల్చుకుంటాయని ఊళ్లో అనేవారు.

పోనీ అందరినీ ఒకేలా వేధించేదా అంటే, అదీ లేదు. పళ్ల డాక్టరుగారి మేడలో మూడు గూళ్లున్నాయి. ఇరవై నిమిషాల్లో మూడూ కొలిచేసి కాఫీ అయినా ముట్టకుండా వెళ్లిపోయింది. ఒంటరిగా ఉండే రిటైరైన రైలు డ్రైవరు నార్‌గార్డ్ గారి ఇంట్లో ఉన్నది ఒక్కటే గూడు, అదీ పిల్లి పడుకుంటే నిండిపోయేంత. దాన్ని పద్నాలుగు నెలలు కొలిచింది. పొయ్యి బిగించాకైనా వదులుతుందనుకుంటే, ఆ మరుసటి వారం నుంచి పొయ్యి ముందుండే జాలీని కొలవడం మొదలుపెట్టింది. చిన్న గూళ్లు కొలవడమే కష్టం కాబోలని జనం సరిపెట్టుకున్నారు.

కైసాకి ఈ సంగతులేవీ తెలియవు. ఆమె బళ్లో రసాయనశాస్త్రం చెబుతుంది. ఐదు నెలల కూతురు ఎల్వీ కోసం సెలవులో ఉంది. భర్త రీడ్ ఇనుప ఖనిజం మోసే ఓడ మీద పని చేస్తాడు. సరస్సులు గడ్డకట్టి జనవరిలో ఓడలు ఆగితే తప్ప ఇంటికి రాడు. ఇల్లంతా వెచ్చబెట్టాల్సిన యంత్రం నేలమాళిగలో ఉన్నా దాని వేడి ముందు గది దాకా రాదు. గూట్లో కట్టెలు వేస్తే పొగకి ఎల్వీ దగ్గుతుంది. అప్పటికి సెప్టెంబరు చివర. మంచు దిగేలోగా పొయ్యి కుదరకపోతే తల్లీ బిడ్డా వంటగదిలో కాపురం పెట్టాల్సిందే.

అలాగని ఏదో ఒకటి కొనేసే మనిషి కాదు కైసా. గ్యాస్ కారితే? కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తే? రేపు పాకడం మొదలెట్టాక పిల్ల పొయ్యి వేడి అద్దం పట్టుకుంటే? గాలివానకి కరెంటు పోతే? నోటు పుస్తకంలో నలభై ఒక్క ప్రశ్నలు రాసుకుంది. ఏడో ప్రశ్నకి నాలుగు ఉపప్రశ్నలున్నాయి.

కైసా కబురు పెడితే ఆర్డిస్ వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పింది. కాఫీ తాగుతారా అంటే వద్దంది. మళ్లీ అడిగితే ఎందుకమ్మా శ్రమ అంది. మూడోసారి అడిగాక, ఎలాగూ కాచి ఉంటే అరకప్పు అంది. అక్కడ మర్యాదంటే అదే. తర్వాత గూట్లోకి వెళ్లిపోయింది.

"అన్నిట్లోకీ పెద్ద పొయ్యి పెడదామనుకుంటున్నానండీ," అంది కైసా, బయటికి కనిపిస్తున్న ఆవిడ సాక్సులతో.

"గూడు చూసి కొంటావా, గది చూసి కొంటావా?" అంది గూడు. "పెద్దది పెట్టావనుకో, జనవరిలో కిటికీలు తీసి కూర్చుంటావు. ఊరంతా వెచ్చబడుతుంది. నీకు పుణ్యం వస్తుంది."

ఆ తర్వాత ఒక్కొక్క ప్రశ్నకీ జవాబు చెబుతూ వచ్చింది. మంట అద్దం వెనక మూసిన పెట్టెలో ఉంటుంది. చిమ్నీలో రెండు గొట్టాలు దింపుతారు, ఒకదాంట్లో బయటి గాలి వస్తుంది, రెండోదాంట్లో పొగ పోతుంది, మంట గదిలో గాలిని ముట్టుకోదు. అద్దం ముందు జాలీ ఉంటుంది. కరెంటు లేకపోయినా ఆరని చిన్న దీపం ఉండే రకం తీసుకోవాలి. ఎన్ని చేసినా విషవాయువు కనిపెట్టే అలారం ఒకటి గోడకి ఉండాల్సిందే. పదహారో ప్రశ్న దగ్గర ఎల్వీ ఏడుపు అందుకుంది. రాత్రంతా ఇదే పాట అంటూ కైసా ఆవులిస్తూ పిల్లని ఎత్తుకుంది.

ఆర్డిస్ లేచి, మసి చేతులు తుడుచుకుని, వచ్చే మంగళవారం మళ్లీ కొలవాలంది.

అన్నట్టే మంగళవారం వచ్చింది. ఆ పైవారమూ వచ్చింది. చేతిలో ఎప్పుడూ నిమ్మకాయ బిళ్లల డబ్బా. పక్కన మనిషి అలికిడి ఉంటే టేపు కదులుతుందట. అందుకని కైసాని మేడ మీదికి తరిమేసేది. ఎల్వీ మాత్రం ఉండాలి, టేపు రెండో కొస పట్టుకోవడానికి. కైసా మంచం మీద నడుం వాల్చేది, ఐదు నిమిషాలే అనుకుని. కళ్లు తెరిచేసరికి కింద ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని గూటి కేసి చూస్తుండేవారు.

"ఎంత వచ్చిందండీ?" అని అడిగేది.

"ముప్పై నాలుగు."

"పోయినవారం కూడా అంతేగా."

"అదే, నిలకడగా ఉందో లేదోనని."

ఒకే వస్తువుని ఆరుసార్లు కొలిచి ఆరుసార్లూ అదే అంకె వస్తే, ఏ ప్రయోగశాలలోనైనా కొలిచేవాణ్ణి ఇంటికి పంపేస్తారు. కైసా ఆ మాట పైకి అనలేదు. వాళ్ల ఊళ్లో కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. "అలాగా, సరే మరి, చూద్దాం," అంది. దాని అర్థం ఇక గడప తొక్కవద్దని. ఆర్డిస్‌కి అర్థం కాకుండా ఉండదు. అయినా మంగళవారం డబ్బాతో సహా దిగింది.

నవంబరు వచ్చింది. సరస్సు మీంచి గాలి ఈలలు వేస్తోంది. రీడ్ ఓడలోంచి ఫోన్ చేసి, వేరే దుకాణం చూసుకోమన్నాడు. గురువారం పొద్దున కైసా పిల్లని చంకనేసుకుని, చెప్పాల్సిన నాలుగు మాటలూ దారి పొడుగునా వల్లె వేసుకుంటూ ఆర్డిస్ దుకాణానికి వెళ్లింది. ఆర్డిస్ లేదు. పైపులు బిగించే డ్వేన్ ఉన్నాడు.

"మీ పొయ్యా? సోమవారం వస్తోంది, బుధవారం బిగిస్తాను," అన్నాడు.

"నేనింకా ఏదీ ఖాయం చేయలేదే?"

"మొదటిరోజే ఆర్డిస్ ఆర్డరు పెట్టేసింది. ఫ్యాక్టరీ వాళ్లకి ఏడు వారాలు పడుతుంది. 'కైసా నలభై ఒక్క ప్రశ్నలూ అయ్యేదాకా ఆగితే వసంతం వస్తుంది, నచ్చకపోతే మన దుకాణంలోనే పెట్టుకుందాం' అంది."

"మరి ఈ కొలతలన్నీ?"

డ్వేన్ నవ్వాడు. "ఆర్డిస్‌కి టేపు దేనికండీ? గుమ్మంలోంచి చూసి పావంగుళం తేడా లేకుండా చెబుతుంది." కొలతల పుస్తకం తీసి కైసా పేరున్న పేజీ చూపించాడు. పై వరసలో గూటి వెడల్పు, ఎత్తు, లోతు. దాని కింద అన్నీ మంగళవారాల తేదీలు, పక్కన ఒక్కొక్క అంకె. ముప్పావు. ఒకటింబావు. ఒకటిన్నర. అర. రెండు. రెండుంబావు.

"ఇవేం కొలతలో నాకూ తెలీదు," అన్నాడు డ్వేన్. "ఏ పొయ్యికీ సరిపోవు."

కొలమానం లేని అంకెలు కైసాకి గిట్టవు. బళ్లో అయితే మార్కులు కోసేసేది. ఆ 'అర' దగ్గర వేలు పెట్టి ఆలోచించింది. అక్టోబరు మూడో మంగళవారం. ఎల్వీకి మొదటి పన్ను వచ్చిన రోజు. పిల్ల అరుపులకి తను అరగంట కన్నా పడుకోలేదు.

మిగతా అంకెలు మళ్లీ చదివింది. అన్నీ గంటలే. కైసా నిద్రపోయిన గంటలు.

వల్లె వేసుకున్న నాలుగు మాటలూ దుకాణంలోనే వదిలేసి ఇంటికి వచ్చింది. ఆ మంగళవారం ఆర్డిస్ రాగానే, ఎవరూ చెప్పకుండానే మేడ మెట్లెక్కింది.

బుధవారం డ్వేన్ పొయ్యి బిగించాడు. చిమ్నీలో రెండు గొట్టాలు దింపాడు, సబ్బు నురగ పూసి ప్రతి అతుకూ చూశాడు. కైసా అలారం ఎదుట గంటసేపు నిలబడింది. సున్నా చూపిస్తూనే ఉంది. బయట మంచు దిగుతోంది. ఎల్వీ మంట చూస్తూ ఒక్కసారి కూడా దగ్గలేదు.

"అంత చెడ్డగా ఏం లేదు," అంది ఆర్డిస్. ఆవిడ నోట అంతకుమించిన పొగడ్త ఊళ్లో ఎవరూ వినలేదు.

డిసెంబరులో ఒకరోజు కైసా ఆవిడకి ఫోన్ చేసింది. "ఎదురింటి లవోన్ గారికి గత నెలలో భర్త పోయారు. కాస్త వాళ్లింటి గూడు కొలుస్తారా?"

"ఏ కాలంనాటి ఇల్లు?"

"కొత్తదే. అసలు ఆ ఇంట్లో గూడే లేదనుకోండి."

అవతల కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"లేదంటే లేదనుకోవడానికి వీల్లేదు అమ్మాయ్," అంది ఆర్డిస్. "ఎక్కడా లేదని రూఢి చేసుకోవాలంటే తక్కువలో తక్కువ వసంతం దాకా కొలవాలి. బుధవారాలు ఖాళీ."