మూడు చుట్లు, నాలుగు

పరాయి దేశంలో, క్లేటన్ అనే ఊళ్లో మేము అద్దెకున్న ఇంటి నుంచి యూనివర్సిటీకి పది నిమిషాల నడక. నేనక్కడ పీహెచ్‌డీ చేసేదాన్ని. దక్షిణ అమెరికా అడవుల్లో రాలిన ఆకుల కింద బతికే చిటికెనవేలంత బల్లులు నా పని. ఒకే నదికి ఈ గట్టునా ఆ గట్టునా పట్టినవి, రెండు సీసాల స్పిరిట్‌లో ఉండేవి. అవి ఒకే జాతా, రెండా? నడుము చుట్టూ పొలుసులు లెక్కపెడితే చాలావరకు తేలుతుంది.

మావారు వైటూకే పని మీద వచ్చారు. రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగలేదు, ఆయన కాంట్రాక్టు మాత్రం ఆగిపోయింది. ఇంట్లో కూర్చుని దిగులుతో చిక్కిపోతున్నారని శనివారాలు ల్యాబుకి లాక్కెళ్లేదాన్ని. మొదటి సీసా నేనొక్కదాన్నే లెక్కపెట్టేశాను. రెండోదానికి ఆయన సాయం. నేను మైక్రోస్కోపులో కన్ను పెట్టి, సూదితో ఒక్కో పొలుసూ దాటుతూ "ఊ" అంటుంటే, ఆయన వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి, "మూడు చుట్లు, నాలుగు" అని నోటుపుస్తకంలో రాసేవారు. ఇంటికి రాగానే బల్లి మైలని తలస్నానం. ముట్టుకున్నది నేను, స్నానం ఆయనక్కూడా!

నా సీసాలో ఒక్కో బల్లికి ముప్ఫై నాలుగు పొలుసులు, ఆయన సీసాలో నలభై. కొత్త జాతే అనుకున్నాం. మా ప్రొఫెసర్ పొంగిపోయాడు. పేరు పెట్టేది నేనే కాబట్టి, మావారి పేరే పెడతానన్నాను. ఉద్యోగం లేనివాడి పేరు ఆ బల్లికెందుకు, పాపం, అని వేళాకోళమాడారు గానీ, ఆ వారమంతా కూనిరాగాలు తీస్తూనే ఉన్నారు. ఎన్ని నెలలకి విన్నానో ఆ కూనిరాగం. నాకు ప్రాణం లేచొచ్చింది.

వ్యాసం పంపేముందు ఆయన సీసాలో బల్లినొకదాన్ని నేనే మళ్లీ లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగు. ఇంకోటి తీశాను. అదీ అంతే. ఇంటికెళ్లి, మీ లెక్కలో చుట్టంటే ఎన్ని అని అడిగాను. పది, అన్నారు. ఒడుగునాడు తాతగారు నేర్పిన జపం లెక్కట, నడివేలి మీద రెండు కణుపులు వదిలేయాలట. మా అమ్మ అప్పడాలు లెక్కపెట్టే తీరులో నాలుగు వేళ్లకీ కలిపి పన్నెండు. నేను ఆ పన్నెండుతోనే హెచ్చవేసుకుంటూ పోయాను. ఒక్కసారైనా అడిగానా? నా తొందర తగలెయ్య.

మర్నాడు ఆయన, ప్రొఫెసర్ దగ్గరికి తనూ వస్తానని, ఇంటర్వ్యూల కోసం దాచుకున్న చొక్కా తొడుక్కుని బయల్దేరారు. తోడుకి కాబోలనుకున్నాను. నేను నోరు తెరిచేలోగా ఆయనే ఇంగ్లీషులో చెప్పేశారు. లెక్క తప్పింది తనేనని, ఇందులో నా పొరపాటేమీ లేదని. ప్రొఫెసర్ సీసా మొత్తం మళ్లీ లెక్కపెట్టమన్నాడు.

బయటికొచ్చాక వరండాలోనే నాకు ఏడుపాగలేదు.

"హెచ్చవేసింది నేను కదా, మీ మీద ఎందుకేసుకున్నారు?"

"నీకింకా ఇక్కడ పనుంది కదే," అన్నారు. "నాకేముంది?"

ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి, ప్రొఫెసర్ తలుపు మళ్లీ తట్టాను.